తీగ తగిలించిన చెయ్యి

పోయిన బుధవారం పొద్దున దుర్గ్ కోర్టు ఎదురుగా ఉన్న మా టైపింగ్ దుకాణంలో పనిలో ఉన్నాను. పక్క ఎస్టీడీ బూత్ భయ్యా కిటికీ తట్టి, "దీదీ, భిలాయ్ సే ఫోన్ హై" అన్నాడు. అవతల నాన్న.

"మీ సిన్నాన్న పోనాడమ్మా. కరెంటాఫీసు బెంచీ మీద కూకున్నోడు కూకున్నట్టే ఉండిపోనాడు."

ఎవరిదో అఫిడవిట్ సగంలో ఉంది. దాన్ని మిషన్‌లోనే వదిలేసి ఆటో ఎక్కాను.

చిన్నాన్న గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని మా తెలుగువాళ్ళ సంఘం పెద్దలు అడిగారు. మంచి మాటలకి లోటు లేదు. కానీ ఒక సంగతి దాచిపెట్టి మిగతావన్నీ రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు. ఆ సంగతిలో నాకూ కొంత భాగం ఉంది. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

నాన్న, చిన్నాన్న బొబ్బిలి దగ్గర నుంచి ఒకే ఏడు వచ్చి భిలాయ్ ఉక్కు ప్లాంటులో చేరారు. నాన్న రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో, చిన్నాన్న పవర్ హౌస్‌లో. ఖుర్సీపార్‌లో పక్కపక్క క్వార్టర్లు. పొద్దున్నే ఇద్దరూ సైకిళ్ళు తీసి, ఒకరి కోసం ఒకరు ఆగి, కలిసి గేటు వైపు వెళ్ళేవారు. ఫర్నేసుల్లో మిగిలిన గ్యాసుని మండించి కరెంటు పుట్టిస్తారని, మన ఇంట్లో వెలిగే బల్బుకి ఆ పొగే తల్లి అని చిన్నాన్న నాకు చిన్నప్పుడు చెప్పారు. క్వార్టర్లకి ఆ కరెంటు దాదాపు ఉచితం. జీతంలో ఏదో కొంచెం కోసుకునేవారు, అదెంతో మా ఇంట్లో ఎవరూ చూసుకోలేదు. పగలు కూడా లైట్లు వెలుగుతూ ఉండేవి. చిన్నాన్న వస్తే ముందు స్విచ్చులు ఆపి, ఆ తర్వాతే కూర్చునేవారు.

"ఎవుడో నిప్పు కాడ ఒళ్ళు కాల్సుకుని తీసిన కరెంటిది పాపా. ఊరికే పారబొయ్యకు."

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. కుళాయిని గాని, గొళ్ళేన్ని గాని ముందు వేళ్ళ వెనకవైపుతో తాకి, తర్వాతే పట్టుకునేవారు. కరెంటు ఉంటే వెనకవైపుతో తాకిన చెయ్యి ఎగిరొస్తుంది, అరచేత్తో పట్టుకుంటే వదలదు. నాకు జ్వరమొచ్చినా నుదురు అలాగే చూసేవారు. ఆ గరుకైన వేళ్ళు ఇప్పటికీ గుర్తున్నాయి.

మా క్వార్టర్ల వరసకి ఎదురుగా, రోడ్డు దాటితే రేకుల ఇళ్ళ బస్తీ. అక్కడికి ప్లాంటు కరెంటు రాదు. కోర్బాలో బొగ్గు కాల్చి తీసే ప్రభుత్వపు కరెంటు స్తంభాల మీద వెళ్తుంది. పేదవాళ్ళకి ఇంటికొక బల్బు కనెక్షన్ ఇచ్చారు. బల్బు తప్ప ఇంకేం పెట్టకూడదు. మీటరు కావాలంటే నేల మీద హక్కు ఉన్నట్టు పట్టా కాగితం చూపించాలి. అది చాలామంది దగ్గర లేదు. అందుకని స్తంభం మీది తీగకి కొక్కెం తగిలించి లాక్కునేవారు. చిన్నాన్నకి అది గిట్టేది కాదు. "కరెంటుకి మనోడు, పరాయోడు తెల్దు" అని కనబడిన ప్రతివాడికీ చెప్పేవారు.

ఆ బస్తీలో మాకు సరిగ్గా ఎదురింట్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన జంట ఉండేది. ఆయన జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీగా పని చేసేవాడు. జాముల్ అన్న అనేదాన్ని. ఆమెని వదినా అని పిలిచేదాన్ని. వాళ్ళకి ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడు మే నెల ఎండ సంగతి భిలాయ్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం వదిన పిల్లని తడిగుడ్డలో చుట్టుకుని చిన్నాన్న వాకిట్లోకి వచ్చింది.

"సిన్నాన్నా, పిల్ల ఒళ్ళు సూడు. ఒకటే సెమటకాయలు. పాలు కూడా తాగట్నేదు. ఒక్క ఫ్యాను తిరిగేటట్టు సెయ్యి."

"ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోమన్నాను కదమ్మా."

"పెట్టినాం. పట్టా తెమ్మన్నారు. ఆ పట్టా వచ్చేదాకా ఇది బతకాల కదా."

వెనక నిలబడ్డ జాముల్ అన్న, "మేం ఏస్తే ఎలాగేస్తామో తెల్దు. నువ్వయితే సరిగ్గా ఏస్తావు" అన్నాడు.

చిన్నాన్న వేళ్ళ వెనకవైపుతో పిల్ల నుదురు తాకి చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి తీగ చుట్ట తెచ్చారు. ఆయన ఎక్కిన స్టూలుని కింద నేను పట్టుకున్నాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. రేకు అంచు మీద తీగ ఆనే చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి, కిందికి దిగి, "వానలు పడకముందే తీసేత్తాను. గుర్తు సెయ్యి పాపా" అన్నారు. ఫ్యాను తిరగగానే వదిన నవ్వింది. పిల్ల నిద్రపోయింది.

నేను గుర్తు చెయ్యలేదు. ఆ నెలలోనే పిన్నికి కిడ్నీలు బాగా దెబ్బతిని ప్లాంటు ఆసుపత్రిలో చేర్చారు. చిన్నాన్న డ్యూటీ నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి డ్యూటీకి తిరుగుతున్నారు. నేను క్యారేజీలు మోస్తున్నాను. తీగ సంగతి ఇద్దరం మరిచిపోయాం. జూన్‌లో ఒక పొద్దున గాలితో వాన మొదలైంది. గాలికి రేకు ఊగి ఊగి ఆ ట్యూబు ముక్క ఎప్పుడో చిరిగిపోయింది. బట్టలు ఆరేసే ఇనుప తీగ ఆ రేకుకే కట్టి ఉంది. పిల్ల గుడ్డలు తడిసిపోతున్నాయని వదిన బయటికి పరిగెత్తింది.

అరుపు కూడా వినబడలేదు. ఎవరో కర్రతో తీగని లాగేశారు. అప్పటికే అయిపోయింది.

మధ్యాహ్నానికి పోలీసులు, కరెంటాఫీసు వాళ్ళు వచ్చారు. తీగ ఎవరు వేశారని అడిగారు. బస్తీ అంతా చుట్టూ ఉంది. నేనూ ఉన్నాను. జాముల్ అన్న తలెత్తకుండా, "మై నే హీ లగాయా" అన్నాడు. నేనే వేశానని. నేను నోరు విప్పలేదు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చిన చిన్నాన్నకి నాన్న చెప్పాడు. ఆయన సైకిలు స్టాండు కూడా వెయ్యలేదు, అది పక్కకి పడిపోయింది. "పోలీసు థానాకెల్లి సెప్పేత్తాను" అని వెనక్కి తిరిగారు. నాన్న అడ్డం నిలబడ్డాడు.

"ఎల్లు. పవర్ హౌస్‌లో పనిసేసేవోడు దొంగ తీగ ఏసినాడంటే ఉజ్జోగం ఉంచరు. ఉజ్జోగం పోతే ఆస్పత్రి పోద్ది. మరదల్ని ఇంటికి తెచ్చి ఏటి సేద్దాం? అది కూడా సెప్పేసి ఎల్లు."

చిన్నాన్న పడిపోయిన సైకిలుని ఎత్తి నిలబెట్టారు. థానాకి వెళ్ళలేదు. ఎదురింటికి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. జాముల్ అన్న గోడకి ఆనుకుని ఉన్నాడు.

"అడిగింది నాను, ఎక్కింది నువ్వు, పోనాది అది" అన్నాడు. "పిన్నికి మందులు ఆగిపోకూడదని ఆ మాటన్నాను. ఇంకేటి మాటాడకు సిన్నాన్నా."

తర్వాత ఆయన చిన్నాన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. కేసు పడింది. దుర్గ్ కోర్టులో తేదీలకి తిరుగుతుంటే ఠేకేదారు పనిలోంచి తీసేశాడు. పిల్లని చూసుకోవడానికి ఊరి నుంచి తల్లిని తెచ్చుకున్నాడు. నేను టైపింగ్ దుకాణంలో చేరిన కొత్తలో, చంకలో కాగితాల సంచితో ఆయన మా కిటికీ ముందు నుంచి వెళ్ళడం చాలాసార్లు చూశాను. ఒక్కసారైనా ఇటు తిరగలేదు. చివరికి జరిమానా కట్టి బయటపడ్డాడు.

చిన్నాన్న ఆ వేసవి నుంచి ఫ్యాను కింద పడుకోలేదు. పిన్ని గదిలో ఫ్యాను తిరుగుతూ ఉంటే ఆయన వరండాలో చాప మీద, చెమటలో పడుకునేవారు. పిన్నికి అసలు కారణం ఎప్పుడూ చెప్పలేదు. గాలి పడటం లేదనేవారు.

మూడేళ్ళకి పిన్ని పోయింది. ఆవిడ పోయిన నెలకి చిన్నాన్న మా దుకాణానికి వచ్చి బల్ల ఎదురుగా కూర్చున్నారు. "రాయి పాపా. హిందీలో రాయి. ఆ తీగ ఏసినోణ్ణి నానే. ఆ మనిషి నా కోసం అబద్ధమాడినాడు." నేను టైపు చేస్తూ, స్టూలు పట్టుకున్నది నా సొంత అన్న కూతురు అని చేర్చాను. ఆయన చదివించుకుని విన్నారు. ఆ వాక్యం కొట్టేయించారు. "నీకు నాను సెప్తే పట్టుకున్నావు. నీ పేరొద్దు." నేను గట్టిగా వాదించలేదు. ఆ రోజు కొట్టేసిన వాక్యాన్నే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ఆ కాగితం పట్టుకుని ఆయన థానాకి వెళ్ళారు. "బాబా, ఫైల్ బంద్ హో చుకీ హై, ఘర్ జాయియే" అన్నారు పోలీసులు, కేసు ముగిసింది ఇంటికెళ్ళమని. మూసేసిన ఫైలుని మళ్ళీ తెరిచేవాళ్ళు లేరు. కరెంటాఫీసులో జరిమానా కట్టేశారు కదా అన్నారు. ఆఖరికి పవర్ హౌస్‌లో తన అధికారికి ఇచ్చారు. రిటైర్ కావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. అధికారి రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి చిన్నాన్న జేబులోనే తిరిగి పెట్టాడట. ఈ కాగితం నాకు అందలేదు, నువ్వు డ్యూటీకి వెళ్ళు అన్నాడట.

"తప్పు సేసినోడు ఒప్పుకుంటానంటే పుచ్చుకునేవోడే లేడు పాపా" అన్నారు నాతో. ఆయన కళ్ళనీళ్ళు నేను చూసింది ఆ ఒక్కసారే.

రిటైర్ అయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అందరూ ఊరెళ్ళిపోతాడనుకున్నారు. ఆయన ఆ బస్తీలోనే రెండు గదులు కొనుక్కున్నారు. పట్టా తెచ్చుకుని, ఆ వీధిలో మొదటి మీటరు పెట్టించుకున్నారు. మొదటి బిల్లు వచ్చినప్పుడు దాన్ని వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూసి, "ముప్పై ఏళ్ళు కరెంటు పుట్టించినాను. దీని ధరెంతో ఇయ్యాల తెలిసింది" అన్నారు.

అక్కడి నుంచి ఆయనకి ఒకటే పని. ఎవరింటికి పట్టా లేదో వాళ్ళని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం. దరఖాస్తులన్నీ నేనే టైపు చేసేదాన్ని. కాగితం ఒకచోట పోతే మళ్ళీ ఇంకోటి. రెండేళ్ళకి ఆ వీధిలో ఇళ్ళన్నిటికీ మీటర్లు వచ్చాయి. జాముల్ అన్న ఇంటికి కూడా. దరఖాస్తు మీద ఆయన తల్లి వేలిముద్ర వేసింది. వైరింగు చూడటానికి చిన్నాన్న ఆ ఇంట్లోకి వెళ్ళినప్పుడు అన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పని పూర్తయి ఆయన బయటికి వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

ఇది ఇక్కడ సుఖంగా ముగిస్తే బాగుండేది. కానీ మీటరు వచ్చాక బిల్లు కూడా వస్తుంది. రోజు కూలి మీద బతికేవాళ్ళు రెండు నెలలు కట్టారు, మూడో నెల కట్టలేకపోయారు. ఆఫీసు వాళ్ళు వచ్చి తీగలు కోసేశారు. మళ్ళీ స్తంభం మీద ఒక్కొక్క కొక్కెమే ఎక్కింది. చిన్నాన్న వాటిని చూసి ఎవర్నీ ఏమీ అనలేదు. జూన్ రాకముందే నల్ల టేపు, ట్యూబు ముక్కలు తీసుకుని ఇంటింటికీ వెళ్ళి, రేకులకి తీగ ఎక్కడ ఆనుతోందో చూసి చుట్టేవారు. బిల్లు కట్టే ఇల్లా, కొక్కెం ఇల్లా అని చూసేవారు కాదు. బట్టల తీగలు మటుకు ప్రతి ఇంట్లోనూ తీసేయించి నైలాను తాళ్ళు కట్టించారు.

బుధవారం నేను వెళ్ళేసరికి ఆయన్ని ఇంటికి తెచ్చేశారు. పొద్దున్నే కరెంటాఫీసుకి వెళ్ళి, పేరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చున్నారట. పిలిచినప్పుడు లేవలేదట. ఆయన సంచిలో ఒక దరఖాస్తు ఉంది. నా దగ్గర టైపు చేయించింది కాదు, ఆయన వంకర అక్షరాలతో రాసుకున్నది. జాముల్ అన్న ఇంటికి మీటరు చూడకుండా వేసిన బిల్లు సరిదిద్దాలని, కనెక్షన్ తియ్యొద్దని. ఆ ఇంట్లో బడికి వెళ్ళే ఆడపిల్ల ఉందని కింద రాసి ఉంది. దానికోసం మూడోసారి వెళ్ళారని ఆఫీసు ప్యూను చెప్పాడు. అన్నకి ఆ సంగతి తెలియదు.

నేను ఆ కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన కూడబలుక్కుంటూ చదివాడు. చదివి నన్ను అడిగాడు.

"బెంచీ మీద ఎవుడైనా ఉన్నారా పక్కన?"

"ఎవరూ లేరట అన్నయ్యా."

కాగితం మడిచి చేతిలో పెట్టుకున్నాడు. పాడె మొయ్యడానికి రాలేదు.

మూడో రోజున అస్థికలు కలపడానికి శివనాథ్ నదికి వెళ్ళాం. వానలు అప్పుడే వెనకబట్టాయి, నీళ్ళు నిండుగా, నెమ్మదిగా పోతున్నాయి. నాన్న మోకాళ్ళ లోతులో దిగి కుండ వంచాడు. నేను ఒడ్డున ఉన్నాను. కొంచెం దిగువన ఎవరో చొక్కాతోనే నీళ్ళలోకి నడుస్తుంటే చూశాను. జాముల్ అన్న. నడుముల దాకా దిగి, ఎగువకి తిరిగి నిలబడ్డాడు. బూడిద, బంతిపూలు నీళ్ళ మీద విచ్చుకుంటూ ఆయన దాకా వెళ్ళాయి. పూలు ఆయన్ని చుట్టుకుని రెండు పాయలుగా వెళ్ళిపోయాయి. బూడిద కొంత తడి చొక్కాకి అంటుకుంది. ఆయన దాన్ని కడుక్కోలేదు. చేతులు రెండూ నీళ్ళలో వదిలేసి, నీళ్ళ మీద ఒక్క పువ్వూ కనబడనంతవరకు అలాగే నిలబడ్డాడు.