ఆ పూట కీపరు ఎవరు

దీన్ని ఇప్పుడే రాసి పెట్టకపోతే లాభం లేదు. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా బావ కథ ఏడాదికేడాది పెరిగిపోతోంది. మొన్న కూరగాయల బండి దగ్గర ఒకామె, నేనెవరో తెలియక, నాకే చెప్పింది: "ఆ సివరి కోటర్లో ఉన్నాయన ఇండియా టీములో కీపరంట. ఇంగ్లండు కూడా ఎల్లొచ్చినాడంట." మా బావ ఇంగ్లండు కాదు కదా, కలకత్తా దాటి అవతలికి ఎప్పుడూ వెళ్ళలేదు. కాదని చెప్పబోయి ఆగిపోయాను. అది కాదంటే మరి ఏది నిజమని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర కూడా సరైన జవాబు లేదు. తెలిసినది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు ఇక్కడ రాస్తాను.

బావ అంటే నా భర్త. మా మేనత్త కొడుకు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. బావకు మాత్రం అదే వర్క్‌షాపులో ఉద్యోగం క్రికెట్ ఆట వల్ల వచ్చింది. ముందు బ్యాటు పట్టుకుని ఓపెనింగ్ దిగేవాడు. ఒకసారి టీములో కీపరు జ్వరంతో పడుకుంటే, పొట్టిగా ఉన్నాడు, వంగడం తేలిక అని బావకు గ్లవ్స్ ఇచ్చారట. ఆ తర్వాత రెండు పనులూ ఆయనవే అయ్యాయి. పిచ్ మీద పరిచే కొబ్బరి పీచు మ్యాట్ మీద బంతి ఎంత ఎత్తుకు లేస్తుందో చెప్పలేం. ఇన్నింగ్స్ అంతా వంగి లేచి, వెంటనే ప్యాడ్లు మార్చుకుని మొదటి బంతి ఎదుర్కోవాలి. పెళ్ళైన కొత్తలో ఆదివారం సాయంత్రాలు ఆయన మోకాళ్ళకు ఆముదం రాయడం నా పని.

నాకు చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మిగిలినది నేనే చదువుకున్నాను. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో బావ పేరు మీద కార్డు ఉండేది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. నేను తెలుగు బీరువా మొత్తం చదివేశాను. బెంగాలీ అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి పట్టుకున్నాను. ఇంగ్లీషు మాత్రం నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని నేర్చుకున్నాను. అట్ట చిరిగినది, అట్ట లేనిది, ఏదీ వదల్లేదు. ఈ మాట కాస్త గర్వంగానే రాస్తున్నాను. మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ లైబ్రరీ మెట్లు ఎక్కడం అప్పట్లో అలవాటు కాదు.

ఇక అసలు సంగతి. ఎనభైల మొదట్లో, మా పెళ్ళికి అటో ఇటో, ఒక విదేశీ జట్టు మన దేశానికి వచ్చింది. పెద్ద మ్యాచ్‌ల మధ్య ఖాళీలో వాళ్ళు మన జోను జట్టుతో, అంటే ఈ వైపు రాష్ట్రాల నుంచి ఏరిన జట్టుతో, ఒక మ్యాచ్ ఆడారు. జోను జట్టులో అదనపు మనిషిగా బావను తీసుకెళ్ళారు. మ్యాచ్ మధ్యలో మన కీపరు వేలికి దెబ్బ తగిలింది. బావ మైదానంలోకి దిగాడు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. దిగిన తర్వాత ఏం జరిగిందన్నదే తేలదు.

పెళ్ళైన కొత్తలో నాకు చెప్పినప్పుడు, టీ విరామం తర్వాత పూటంతా తనే కీపింగ్ చేశాడు. మా అన్నదమ్ములు వచ్చినప్పుడు దానికి ఒక స్టంపింగ్ చేరింది. ఒకసారి వంకర తిరిగిన ఎడమ చేతి ఉంగరపు వేలు చూపించి, ఇది ఆ రోజు తగిలిన దెబ్బే అన్నాడు. తాళి కట్టేటప్పుడే ఆ వేలు వంకరగా ఉన్నట్టు నాకు గుర్తు. అయితే పెళ్ళి ముందో మ్యాచ్ ముందో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ విదేశీ జట్టులో ఎర్రజుట్టు బ్యాట్స్‌మన్‌ది క్యాచ్ పట్టానన్న మాట మాత్రం ఎప్పుడు చెప్పినా మారలేదు.

తొంభైల మధ్యలో మోకాళ్ళు సహకరించక బావ ఆట మానేశాడు. అప్పుడు మా తెలుగు సంఘం కార్యదర్శి మాస్టారు ఇంటికొచ్చారు. ఆయన స్కూల్లో తెలుగు చెప్తారు. గుడి పక్కన హాల్లో బావకు సన్మానం చేద్దామని ఆయన ఆలోచన.

"అమ్మా, మీరు పుస్తకాలు చదివే మనిషి. ఆయన క్రీడాజీవితం గురించి మీరే ఒక పేజీ రాయండి. సభలో నేను చదువుతాను. అంతర్జాతీయ క్రికెటర్ అన్న మాట మొదటి వాక్యంలోనే రావాలి."

"మాస్టారూ, అది అంతర్జాతీయ మ్యాచ్ అవునో కాదో..."

"విదేశీయులు వచ్చారా?"

"వచ్చారండీ."

"ఆడారా?"

"ఆడారు."

"మనవాడు వాళ్ళ వెనకాల కీపింగ్ చేశాడా? ఇంకేం కావాలమ్మా!"

బావ మంచం మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

నేను చదివినదాన్ని బట్టి, రెండు దేశాల జట్లు ఆడితేనే అది అంతర్జాతీయ మ్యాచ్. ఇక్కడ ఒకవైపు దేశం ఉంది, ఇంకోవైపు జోను ఉంది. దీన్ని సగం అంతర్జాతీయం అనాలా, అసలు అనకూడదా? పోనీ నలుగురూ అంటున్నారు కదా అని ఊరుకుందామంటే, సన్మానానికి వర్క్‌షాపు టీము వాళ్ళంతా వస్తారు. వాళ్ళలో ఎవడైనా లేచి, "మావా, నువ్వు ఇండియాకి ఎప్పుడాడినావు?" అంటే, శాలువా భుజాన వేసుకుని నిలబడిన మనిషి ముఖం ఏమవుతుంది? ఇరవై ఏళ్ళు ఆడి సంపాదించుకున్న మంచి పేరు ఆ ఒక్క నవ్వుతో పోతుంది. ఆ పేజీ నేను రాసేది. ఆ నవ్వుకు కారణం నేనే అవుతాను.

నా అనుమానం పక్క క్వార్టరు పిన్నితో చెప్పాను. ఆవిడ బియ్యం చెరుగుతూ నా వైపు జాలిగా చూసింది.

"ఒలే, మీ బాబాయి ఛార్జ్‌మన్ సీటులో ఎన్నాళ్ళు కూకున్నారు?"

"రెండు నెల్లు. ఆయనెవరో సెలవెడితే."

"మరి నన్నందరూ ఏటని పిలుస్తారు?"

"ఛార్జ్‌మన్ పిన్ని అని."

"మరింకేటి? ఆఫీషియేటింగ్ సేసినా ఆ పోస్టు సేసినట్టే. మీ బావ ఇంటర్నేషనల్ కీపరు సీటులో ఆఫీషియేటింగ్ సేసినాడు. రాసీ."

ఛార్జ్‌మన్ అంటే వర్క్‌షాపులో సూపర్‌వైజరు, ఆఫీషియేటింగ్ అంటే ఒకరి బదులు ఆ పని చూడడం. ఇది ఇతర ఊళ్ళవాళ్ళకు వింతగా ఉండొచ్చు. మా రైల్వే ఊళ్ళో అది మామూలే. పైపోస్టులో ఒకడు సెలవు పెడితే కిందివాడు కొన్నాళ్ళు ఆ పని చూస్తాడు. తర్వాత మళ్ళీ తన పాత పనికే వెళ్ళిపోతాడు. పిలుపు మాత్రం దిగదు. గార్డుగా నెల్లాళ్ళు పని చూసినవాడు చనిపోయేదాకా గార్డు బాబే. పిన్ని మాటతో నాకు కాస్త దారి కనిపించింది. పూటో గంటో, ఆ చోట నిలబడ్డాడు కదా. ధైర్యంగా రాయడానికి సిద్ధపడ్డాను.

రాసేముందు వివరాలు సరిచూసుకుందామని లైబ్రరీకి వెళ్ళాను. అక్కడి లైబ్రేరియన్, బెంగాలీ దాదా, నన్ను చూడగానే నవ్వాడు. "బౌదీ, ఆబార్ ఖేలార్ బొయి?" అన్నాడు. మళ్ళీ ఆటల పుస్తకమేనా వదినా అని. క్రికెట్ నియమాల పుస్తకం అడిగితే దుమ్ము దులిపి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. దెబ్బ తగిలినవాడి బదులు వచ్చినవాడు ఫీల్డింగ్ చేయవచ్చు. బ్యాటు పట్టకూడదు, బంతి వేయకూడదు. కీపరుగా వికెట్ల వెనక నిలబడకూడదు.

చివరి మాట మళ్ళీ మళ్ళీ చదివాను. నా ఇంగ్లీషే తప్పేమోనని నిఘంటువులో ఒక్కో మాటా వెతికాను. తప్పు లేదు. పిన్ని చెప్పిన ఆఫీషియేటింగ్ ఈ ఒక్క సీటుకే చెల్లదు.

బావ షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేదాకా ఆగాను.

"బావా, ఆ రోజు గ్లవ్స్ ఏసుకున్నావా?"

"ఏసుకోకుండా కీపింగెలా సేస్తారే?"

"బదులొచ్చినోడు కీపింగ్ సెయ్యకూడదంట. పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం నాను ఆడినప్పుడు గ్రౌండులో ఉందేటి?"

"అంపైరు ఊరుకున్నాడా మరి?"

"అంపైరు ఇంగ్లీషులో ఏటో అన్నాడు."

"ఏటన్నాడు?"

"నీలాగ నాకు ఇంగ్లీషొచ్చేటి?"

"పోనీ ఆ కేచ్ ఎలా పట్టినావో సూపించు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. తల పైకెత్తి, పెరట్లో నాలుగడుగులు వెనక్కి పరిగెత్తి, రెండు చేతులూ నెత్తి మీదకు తెచ్చి పట్టాడు. కొద్దిలో తప్పింది గానీ, తులసి మొక్కను తన్నేవాడే.

"కీపరు అంత ఎనక్కి పరిగెడతాడా?"

"బంతి గాలిలోకి లేస్తే పరిగెట్టడా? నువ్వు పుస్తకాల్లో ఆడినావు, నాను గ్రౌండులో ఆడినాను. ముందు అన్నం ఎట్టు."

ఆయన చెప్పినదీ నిజం కావచ్చు. అవతలి కెప్టెను పోనీలే అని ఒప్పుకున్నాడేమో. అలా ఒప్పుకోవచ్చో లేదో నేను చదివిన పుస్తకంలో లేదు. అడగడానికి ఆ మ్యాచ్ చూసినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. పిన్ని మాత్రం రేడియోలో తన చెవులతో విన్నానంటుంది. ఏ భాషలో విన్నావంటే, రేడియో భాషలోనే అంటుంది. పుస్తకం గూట్లో ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంచాను, మళ్ళీ చూద్దామని. ఎన్నిసార్లు చూసినా అదే మాట.

చివరికి పేజీ రాశాను. విదేశీ జట్టు మీద మైదానంలోకి దిగాడని, క్యాచ్ పట్టాడని, అంతే రాశాను. కీపింగ్ అనలేదు. అంతర్జాతీయ అనలేదు. మాస్టారు చదివి, కళ్ళజోడు తీసి, "ఉప్పు తక్కువైందమ్మా" అన్నారు. రెండూ ఆయనే చేర్చుకున్నారు. బ్యానరు మీద కూడా తెలుగులో, కింద బెంగాలీలో అదే మాట రాయించారు.

సన్మానం నాడు హాలు నిండింది. వర్క్‌షాపు టీము వాళ్ళు రెండు వరుసలు కూర్చున్నారు. మాస్టారు ఆ పేజీని రాగం తీసి చదివారు. "అంతర్జాతీయ వేదికపై వికెట్ల వెనుక కొండలా నిలిచిన" అన్నప్పుడు నేను తల వంచుకున్నాను. ఆ కొండ మాస్టారి సొంతం. శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఇంట్లో ఎంత మాట్లాడినా, బయట నలుగురి ముందు బావ నోరు విప్పడు. నమస్కారం పెట్టి దిగిపోతాడనుకున్నాను.

"మాస్టారు సదివింది ఇన్నాను," అన్నాడు. "బాగుంది. ఒక్కటి సెప్పాలి. నాను గ్లవ్స్ ఏసుకున్నది నిజివే. ఎనకాల నిలబడింది నిజివే. ఓవరు అవ్వకముందే అంపైరొచ్చి భుజం మీద సెయ్యేసినాడు. నువ్వు సెయ్యకూడదు, ఇంకోడికిచ్చీ అన్నాడు. ఇచ్చీసినాను. బౌండరీ కాడికి పొమ్మన్నారు, పోయినాను. కేచ్ అక్కడే పట్టినాను. బేటింగు నాకెవులూ ఇయ్యలేదు. అదీ జరిగింది. దీన్నేటంటారో మీరే సెప్పండి."

మాస్టారు బ్యానరు వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. టీము వాళ్ళ వరుసలోంచి ఒక గొంతు లేచింది.

"మావా, కేచ్ పట్టినావా నేదా?"

"పట్టినాను."

"జారలేదు కదా?"

"నాకెప్పుడైనా జారిందేట్రా?"

"ఠీక్ హై! మరింకేటి!"

చప్పట్లు మొదలయ్యాయి. పిన్ని అందరికంటే గట్టిగా కొట్టింది. ఎవరూ నవ్వలేదు. నేను భయపడినది జరగలేదు. దాన్ని జరగకుండా ఆపింది నా పేజీ కాదు.

ఇంటికి నడిచి వస్తున్నాం. బావ సైకిలు నడిపించుకొస్తున్నాడు, శాలువా హ్యాండిల్ మీద వేలాడుతోంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని ఆ అంపైరు చెయ్యి గురించి నేను ఆలోచిస్తున్నాను.

"బావా, అంపైరు ఆపినాడన్నది నిజివేనా?"

"నీ పుస్తకంలో అలాగే ఉంది కదేటి?"

నేను నిలబడిపోయాను. బ్యాటింగ్ మాట నేను ఆయనకు చెప్పనే లేదు; గూట్లో తెరిచి ఉన్న పేజీ ఆయన చూశాడన్నమాట. కూడబలుక్కుని చదివితే ఆయనకూ ఇంగ్లీషు కాస్త వస్తుంది.

"పుస్తకంలో ఉందని సెప్పినావా? జరిగిందని సెప్పినావా?"

"జరగనిది పుస్తకంలో ఎందుకేస్తారే?" అని సైకిలు తోసుకుంటూ ముందుకు పోయాడు.

ఆయన నన్ను ఆట పట్టించాడా, నిజంగానే అలా నమ్ముతున్నాడా, నాకు తెలియదు. పూటంతా కీపింగ్ చేశానని ఇన్నేళ్ళు చెప్పి, టీము వాళ్ళ ముందు అంత తేలిగ్గా వదులుకున్నాడంటే, జరిగింది అదే అయి ఉండాలి. లేదా నేను ఆ పేజీ చదివి ఎంత కలవరపడుతున్నానో చూసి, నా పుస్తకానికి సరిపోయేలా తన పూటను కత్తిరించుకుని ఉండాలి. మొదటిదైతే ఆయన నిజం చెప్పాడు. రెండోదైతే ఆయన జీవితంలో ఉన్న ఒకే ఒక్క పెద్ద పూటను నా నిఘంటువు తినేసింది. రోజు మార్చి రోజు ఒక్కోటి నమ్ముతాను. ఆ సభ తర్వాత ఆయన ఆ కథ ఎవరికీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పేర్లు రాస్తే ఊరుకోనని బావ ముందే చెప్పాడు కాబట్టి, సాయం చేసినవాళ్ళను వాళ్ళ పనిని బట్టే తలుచుకుంటాను. గడువు దాటినా జరిమానా అడగని లైబ్రరీ దాదాకు, అడగకుండానే ఉప్పు చేర్చిన మాస్టారికి, రేడియోలో విన్నానని ఇప్పటికీ పట్టు వదలని ఛార్జ్‌మన్ పిన్నికి, వరుసలోంచి లేచిన ఆ గొంతుకు, అది ఎవరిదో నాకు తెలుసు, నా నమస్కారాలు. అడిగిన ప్రతిసారీ విసుగు లేకుండా జవాబు చెప్పిన మా బావకు కూడా. ఆ జవాబుల్లో ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తెలియక, అన్నీ ఉంచాను.