కట్ చెప్పని ముహూర్తం

ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో రాయి విసిరితే అది నటుడికైనా తగిలేది, నటుడు కాదలచినవాడికైనా తగిలేది. అటువంటి పుణ్యక్షేత్రంలో పద్యనాటక సమాజానికి స్వచ్ఛంద సేవకులు కరవవుతారని ఊహించక, నేను కార్యదర్శి పదవికి తలయూపాను. (డబ్బింగు థియేటర్లలో నటీనటుల ఉచ్చారణ దిద్దడం అప్పట్లో నా వృత్తి. ళకారం పలికించగలిగినవాడికి లోకంలో అసాధ్యమేమున్నదనే గర్వం నాది.) కాలనీ పెద్దలు మాకొక పాత షెడ్డు చూపించి, “ఆదివారానికల్లా దీన్ని బాగుచేసుకోండి. లేదంటే పేకాట వాళ్ళకిచ్చేస్తాం” అన్నారు. జూబ్లీ హిల్స్ ఎత్తుపల్లాలన్నీ ఎక్కి దిగి, గడపగడపనా నిష్కామకర్మను గూర్చి ఉపన్యసించాను. అందరూ ఆదరంగా కాఫీ ఇచ్చి, ఒకే ప్రశ్న వేశారు: “బాగుందండీ, ఇంతకీ నాకు వేషమేమిటి?” ఊడ్చే పని అని విన్నవిస్తే, ఒకాయన సాలోచనగా, “డైలాగు ఉంటుందాండీ?” అన్నాడు.

డస్సి ఇల్లు చేరిన నన్ను చూసి, హైదరాబాదులో పుట్టి పెరిగిన మా ఆవిడ నవ్వింది. “గట్ల ఉపన్యాసాలిస్తే ఎవరొస్తరు? ఈడ కొబ్బరికాయ కొట్టంది కుర్చీ గూడ కదలది. ముహూర్తం పెట్టుండ్రి!”

పెట్టాను. ఆదివారం ఉదయం చీపుళ్ళకు పసుపు కుంకుమలద్దాం. క్లాపు బోర్డు ఎరువు తెచ్చాం. గౌరవ దర్శకత్వం నాది. ఆశ్చర్యం! కార్లు బారులు తీరాయి. తొలి షాట్‌కు ఒక వయోవృద్ధ నటుడు దయచేశారు. తెరమీద ఆయన విశ్వరూపం చూపినప్పుడు మా అమ్మ సినిమాహాల్లోనే చెప్పులు విడిచి లేచి నిలబడింది. ఆ చేతికి నేను చీపురు అందించాను. ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్నారు. క్లాపు పడింది. “యాక్షన్” అన్నాను. ఆయన నడుం వంచి ఊడ్చారు. చప్పట్లు మ్రోగాయి, ఫొటోలు తీశారు, ఆపై జనమంతా కార్లవైపు మళ్ళారు. (ముహూర్తంతోనే ముగిసిపోయిన చిత్రాలు ఈ నగరంలో ఎన్ని లేవు!) నా సమాజమూ ఆ కోవలో చేరుతున్నదని గుండె జారింది.

కాని చీపురు చప్పుడు ఆగలేదు. ఆయన ఇంకా ఊడుస్తున్నారు. ఒక మూల ముగించి, రెండో మూలకు వెళ్ళారు. పైకి లేచిన ధూళిలో ఏటవాలు ఎండ పడి, ఆ తెల్లని తల చుట్టూ బంగారు వలయం కట్టింది. ఏ కెమెరా కల్పించని మహిమ అది! నేను నోరు తెరిచి అలాగే నిలుచుండిపోయాను. “కట్ చెప్పుండ్రి, పెద్దాయన అలసిపోతడు!” అని మా ఆవిడ నా మోచేయి పొడుస్తున్నా నాకు మాట పెగల్లేదు. ఆయన ఊడుస్తూండగా కారెక్కే ధైర్యం ఎవరికుంటుంది? ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. డైలాగు అడిగినాయన పంచె ఎగగట్టి నీళ్ళ బకెట్టు ఎత్తాడు. మధ్యాహ్నానికి షెడ్డు అద్దమైంది. పేకాట వాళ్ళు కూడా వచ్చి బెంచీలు మోశారు.

చివరకు ఆయనే నడుం నిమురుకుంటూ, “ఏమయ్యా పంతులూ, కట్ చెప్పవేం? దర్శకుడు చెప్పందే ఎట్లా ఆపేది?” అన్నారు.

“నోరు రాలేదండీ.”

“మంచిదే. వచ్చే ఆదివారం కూడా మరచిపో.”

ఇప్పుడు నా తలా ఆయనంత తెల్లబడింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ మధ్యలో ఆగి, వరండాలో టీ తాగుతున్న మా ఆవిడవైపు ఆశగా చూస్తాను. ఆమె ముసిముసిగా నవ్వుతుంది. కట్ మాత్రం చెప్పదు.