సాక్షులు దొరకని వీలునామా

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న ఆ రోజుల్లో చట్టమంతా నా జేబులోనే ఉందనుకునేవాణ్ణి. తాడేపల్లిగూడెంలో ఒక పెద్ద ప్లీడరుగారి దగ్గర జూనియర్ని (అంటే ఫైళ్లు మోసేవాణ్ణి). నన్ను నమ్మి ఎవరైనా ఒక్క పని ఇస్తారా అని ఎదురుచూస్తుంటే, ఏలూరు నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. "ఒరే అబ్బాయ్, ఎల్లుండి చర్చివాళ్లతో యెరూషలేము వెళ్తున్నాను. విమానం కదా, ఎవరికి తెలుసు! ఓ వీలునామా రాసిపెట్టి వెళ్దామని. నువ్వే వచ్చి రాయాలి."

అత్తయ్య పెళ్లి చేసుకోలేదు. కొల్లేటి లంకల్లో టీచరుగా చేస్తున్నప్పుడు తల్లి పోయిన ఓ పసిపిల్లని తెచ్చి పెంచుకుంది. ఆ బుజ్జమ్మ అప్పటికి డిగ్రీ చదువుతోంది. "అమ్మా" అనే పిలుస్తుంది గానీ, దత్తత కాగితమంటూ లేదు కాబట్టి చట్టానికి ఆ పిల్ల ఎవరో తెలియదు. అత్తయ్యకేమైనా అయితే ఆ రెండు గదుల ఇల్లు అన్నదమ్ములకు, అంటే మా నాన్నకీ పెదనాన్నకీ పోతుంది. నాన్న సంగతి సరే, పెదనాన్న అప్పుడే ఆ ఇల్లు ఎవరికి అద్దెకివ్వాలా అని ఆలోచిస్తున్నారు. పిల్లకి నీడ మిగలడం నా చేతిలోనే ఉందనుకుంటూ కోటు తొడుక్కుని మరీ బస్సెక్కాను (మే నెలలో, చూసుకోండి).

ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ బుజ్జమ్మకని అర పేజీలో తేల్చేశాను. అక్కడితో ఆపాల్సింది. కానీ అత్తయ్యది మొహమాటపు ప్రాణం. "మిగతావాళ్లు ఏమనుకుంటార్రా? పక్కింటావిడకి గ్రైండరు రాయి" అంది. గోడ మీదికి వాలిన మునగచెట్టు గురించి వాళ్లిద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు, ఆవిడకెందుకని అడిగాను. "పాపం, ఆవిడ గ్రైండరు మూలుగుతోందిరా. ఇక్కడికి వినపడుతుంది." తర్వాత పాస్టరమ్మగారికి కుట్టుమిషను, పాలాయనకి సైకిలు, చేపలు తెచ్చే ఆవిడకి రాగి బిందె, నాకు టేకు పడక్కుర్చీ. వీధి చివరిదాకా ఎవర్నీ వదలకుండా పేజీలకు పేజీలు రాసి, చెమట తుడుచుకుని, "ఇక ఇద్దరు సాక్షుల్ని పిలవండి అత్తయ్యా" అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. సాక్షి సంతకం పెట్టినవాళ్లకి ఆ వీలునామాలో రాసింది చెల్లదు. అత్తయ్యకి తెలిసినవాళ్లలోనేమో ఏమీ రాయనివాళ్లే మిగల్లేదు. రోడ్డు మీదికి పరిగెత్తి ఒక ఆటో ఆయన్ని బతిమాలి తెచ్చాను. ఆయన పెన్ను అందుకునేలోగా అత్తయ్య మజ్జిగిచ్చి, ఇంటి సంగతులడిగి, "ఒరే, ఈయనది రేకుల ఇల్లంట. మన టేబుల్ ఫ్యాను ఈయనకి రాయరా" అంది.

"వద్దత్తయ్యా!" అని నేను అరిచిన అరుపుకి ఆయన పెన్ను వదిలేశాడు. "మీ ఇంట్లో గొడవలు నాకెందుకండీ బాబూ" అంటూ ఆటో తీసుకుని వెళ్లిపోయాడు.

"ఏవండీ, ఏమైందండీ?" అని గోడ మీంచి పక్కింటావిడ తొంగిచూసింది. ఇన్నేళ్లలో అదే మొదటి మాట. అంతదాకా గుమ్మంలో నిలబడి నవ్వాపుకుంటున్న బుజ్జమ్మ జరిగిందంతా చెప్పింది. చెబుతూ చెబుతూనే, "అమ్మా, నువ్వు క్షేమంగా తిరిగొస్తే చాలు, నాకు ఏ ఇల్లూ వద్దు" అని బావురుమంది.

పక్కింటావిడ గోడ చుట్టూ తిరిగి లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. "నాకు రాసింది కొట్టేయండి బాబూ. మూలిగితే మూలిగింది, మా గ్రైండరు రుబ్బుతుందండీ. పిల్లకి ఇల్లు ముఖ్యం. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇంకో సాక్షి కోసం అందరూ వీధిలోకి చూస్తున్నారు. నేను మాత్రం పడక్కుర్చీ వైపు చూశాను. చిన్నప్పట్నుంచి మనసుపడ్డ కుర్చీ, నిజం చెప్పొద్దూ, ప్రాణం ఉసూరుమంది. నా పేరూ తీసేసి మొత్తం తిరగరాశాను. అత్తయ్య సంతకం చేశాక ఆవిడా, నేనూ సాక్షులుగా సంతకాలు పెట్టాం.

అత్తయ్య క్షేమంగా తిరిగొచ్చింది, ఇప్పటికీ గట్టిగానే ఉంది. నాకిప్పుడు సొంత బోర్డు ఉంది. ఊళ్లకి వెళ్లేముందు వీలునామా రాయించుకునేవాళ్లు వస్తుంటారు, చకచకా తేల్చేస్తుంటాను. నాకేం రాశారని అడిగినవాళ్లే గానీ, నాకు రాసింది కొట్టేయండి అన్నవాళ్లు మళ్లీ కనపడలేదు. సాక్షుల గురించి అంత చిన్న సంగతి ముందే గుర్తు రాలేదేమని గూడెం దాకా బస్సులో సిగ్గుపడుతూ వచ్చిన ఆ కోటు కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, జాలేస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.