నాలుగు నెలల అక్క

జిల్లా గణాంక కార్యాలయం నుండి పదవీ విరమణ చేసిన మరుసటి సంవత్సరం, అంటే 2005లో, నేను ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ కంపెనీలో ఉద్యోగిగా చేరాను. ఈ సంగతి అనంతపురంలోని తోటి పింఛనుదారులు నమ్మలేదు. కంప్యూటరు మీటలు వెతుక్కుంటూ ఒక్కొక్కటిగా నొక్కే మనిషికి అక్కడ ఏం పని ఉంటుందని అడిగారు. వారి సందేహం న్యాయమైనదే. నా పని కంప్యూటరుతో కాదు, సర్టిఫికెట్లతో.

ఆ రోజుల్లో కంపెనీ ఏటా వేల మంది పిల్లలను కొత్తగా తీసుకునేది. వారిలో కొందరు దొంగ సర్టిఫికెట్లతో వచ్చేవారు. అందుచేత చేరిన ప్రతి ఒక్కరి చదువు, పుట్టిన తేదీ, చిరునామా నిజమో కాదో విచారించడానికి ఒక విభాగం ఉండేది. మా జిల్లాకు చెందిన వారిని విచారించే పని నాకు అప్పగించారు. నివాసం అనంతపురంలోనే. రెండు వారాలకొకసారి బెంగుళూరు వెళ్లి నివేదికలు ఇచ్చి వచ్చేవాడిని. మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడేది. అది ఆనిస్తే గాని అక్కడ తలుపు తెరుచుకోదు. ముప్పయ్యేళ్లు సర్కారు కొలువు చేసినవాడిని, తలుపు దగ్గర నన్ను ఎవరూ అడ్డగించి ఎరుగరు.

నా పై అధికారి నా చిన్న కూతురికంటే చిన్నది. కంపెనీ నియమం ప్రకారం అందరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవాలి. ఆమె నన్ను ‘సార్’ అనేది, నేను ఆమెను ‘అమ్మా’ అనేవాడిని. ఇద్దరమూ నియమాన్ని సమానంగా ఉల్లంఘించాము కనుక ఎవరిపైనా ఫిర్యాదు రాలేదు.

పని గంటలు నమోదు చేసే విషయంలో మాత్రం మాకు తగాదా వచ్చింది. ప్రతి ఉద్యోగీ తాను ఏ పనికి ఎన్ని గంటలు వెచ్చించాడో కంప్యూటరులో రాయాలి. నేను బస్‌స్టాండులో కాచుకున్న సమయాన్ని వేరుగా, ప్రయాణాన్ని వేరుగా, విచారణను వేరుగా, పావుగంటలతో సహా రాశాను. ఆమె ఫోను చేసింది.

“సార్, ‘కదిరి బస్సు రాకపోవుట’ అని ఒక పని రాశారు.”

“రాలేదమ్మా.”

“నిజమే సార్. కానీ దానికి మన దగ్గర కోడ్ లేదు. రోజుకు ఎనిమిది గంటలు అని వేసేయండి.”

జరగని ఎనిమిది గంటలు రాయడానికి నాకు చేయి రాలేదు. చివరకు నా గంటలు ఆమే వేసేది. నేను తేదీలను, అంకెలను తప్ప దేనినీ నమ్మని మనిషిని. మాటలు మనిషిని బట్టి మారుతాయి. రాసిన తేదీ మారదు. చాలాకాలం అదే నా నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఒక వేసవిలో ముదిగుబ్బ దగ్గరి పల్లెకు బయలుదేరాను.

విషయం ఇది. ఆ పల్లె అమ్మాయి ఒకతె ఏడాదిగా కంపెనీలో పనిచేస్తోంది. ఇతరులు రాసిన ప్రోగ్రాములలో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఆమె తమ్ముడు కూడా అదే కంపెనీకి ఎంపికై, చేరే ముందు కుటుంబ వివరాలు నింపాడు. నింపగానే కంప్యూటరు ఆగిపోయింది. అక్క పుట్టిన తేదీ ఫిబ్రవరి ఒకటి. తమ్ముడు పుట్టిన తేదీ అదే సంవత్సరం జూన్ ఒకటి. తండ్రి ఒక్కడే, తల్లి ఒక్కతే. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరి మధ్య నాలుగు నెలలు ఉండటానికి వీలులేదని ఆ యంత్రానికి ఎవరో ముందే నేర్పి ఉంచారు. ఆ నేర్పిన మనిషి ఎవరో నాకు తెలియదు కాని, అతని మీద నాకు గౌరవం కలిగింది. నేనైనా అదే నేర్పి ఉండేవాడిని.

“ఇద్దరిలో ఒకరి సర్టిఫికెట్ దొంగది అయి ఉండాలి సార్,” అన్నది నా పై అధికారి. “తేలేదాకా అబ్బాయిని చేర్చుకోం. అమ్మాయిని ఇంటి దగ్గరే ఉండమన్నాం. తప్పుడు వివరాలు ఇచ్చినట్టు రుజువైతే ఉద్యోగం పోతుంది. ఒకసారి అట్లా పోతే ఇంకో కంపెనీ కూడా తీసుకోదు.”

మొదట పదవ తరగతి సర్టిఫికెట్లను బోర్డు రికార్డుతో సరిచూశాను. రెండూ అసలైనవే. రెండింటిలోనూ తేదీలు అవే. దొంగ సర్టిఫికెట్ అయి ఉంటే నా పని ఆ రోజే ముగిసేది. రెండూ నిజమైనవి కావడం వల్లనే నేను పల్లెకు వెళ్లవలసి వచ్చింది.

తండ్రి గొర్రెలు కాచే మనిషి, నాలుగెకరాల మెట్ట కూడా ఉంది. నేను వెళ్లేసరికి వాకిట్లో ఒక గొర్రె కాలి గిట్టలో ముల్లు తీస్తున్నాడు. అమ్మాయి నన్ను చూడగానే లేచి నిలబడింది. ఆ నిలబడటంలోనే ఆమె ఎన్ని రాత్రులు నిద్రపోలేదో తెలిసింది.

“కుచ్చోండి సార్,” అన్నాడు తండ్రి, తల ఎత్తకుండా. “మా పాప పని తీసేసేకి వచ్చినారా?”

“విచారించడానికి వచ్చాను. పాప ఎప్పుడు పుట్టింది?”

“శుక్రవారం.”

“తేదీ?”

“తేదీ యాడ ఉంటాది సార్ మాకు? శుక్రవారం అనేది మాత్రం గ్యారంటీ. ఆ పొద్దు ముదిగుబ్బ సంత. పిల్ల పుట్టిందని నేను సంతకు పోలా.”

“అబ్బాయి?”

“వాడు పుట్టింది ఆయమ్మి నడిచి, మాట్లాడి, నన్ను తిట్టేది నేర్చినంక. రెండేండ్ల మీదే.”

“మరి సర్టిఫికెట్లో నాలుగు నెలలే ఉంది.”

తండ్రి అప్పుడు తల ఎత్తాడు. భార్య వైపు చూశాడు. ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుంది. “నాలుగు నెలలకేనా?” అన్నది. “నేనేమన్నా కుందేలునా సార్?”

నవ్వవలసిన చోటే. కాని అమ్మాయి నవ్వలేదు. తన తేదీ తమ్ముడి తేదీకి అంత దగ్గరగా ఉందని ఏనాడూ గమనించలేదా అని ఆమెను అడిగాను.

“తెలుసు సార్. బడిలో అందరూ ఎక్కిరించేవాళ్లు. పదో తరగతి సర్టిఫికెట్లో ఏముంటే అదే రాయల్ల గదా అని రాసినా. వేరేది రాస్తే అది అబద్ధం అయితాది.” కొంచెం ఆగి, “ఆ చెక్ పెట్టినోళ్లది తప్పు కాదు సార్. నా పనే అది. నేనైనా పెడతా,” అన్నది.

తన ఉద్యోగానికి అడ్డుపడిన నిబంధనను ఆ పిల్ల సమర్థించడం నాకు ఎంతో నచ్చింది. కాని నచ్చడం రుజువు కాదు. బడిలో చేర్చుకున్నది ఎవరని అడిగి, కదిరిలో ఉంటున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయుని చిరునామా తీసుకున్నాను.

ఆయనది ఆ రోజుల్లో ఏకోపాధ్యాయ పాఠశాల. ప్రధానోపాధ్యాయుడూ, ఉపాధ్యాయుడూ, గంట కొట్టేవాడూ ఆయనే. సంగతి వినగానే దాచకుండా చెప్పాడు.

“ఆ పాపకు అప్పటికి ఏడేండ్లు ఉంటాయి సార్. రోజూ తమ్ముణ్ణి సంకనేసుకొని బడి కిటికీ కాడ నిలబడేది. లోపలికి రామ్మా అంటే, వీణ్ణెవరు చూస్తారు సార్ అనేది. అమ్మా నాయనా గొర్లెంబడి పోతారు. సరే, వాణ్ణి కూడా తీసుకొని రా అన్నా. వానికి నాలుగున్నరే. ఐదు నిండకుంటే చేర్చుకునేకి లేదు. అందుకని వానికి ఐదు చేసినా.”

“అమ్మాయికి?”

“వానితో పాటే ఒకటో తరగతి గదా. పెద్ద వయసు రాస్తే రేపు సర్కారు ఉద్యోగానికి మించిపోతాది. అందుకని తగ్గించినా. మా కాడ అందరికీ అట్లనే చేస్తాం, మీకు తెలియందా? తగ్గించి చూస్తే ఇద్దరిదీ ఒకే తేదీ అయి కూర్చుంది. కవలపిల్లలు కాదు గదా, మరీ అబద్ధం అయిపోతాదని, పాపను నాలుగు నెలలు ముందుకు జరిపినా.”

వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “అబద్ధం అయిపోతాదంట! ముగ్గురు పిల్లల నాయన, నాలుగు నెలలకు బిడ్డ పుట్టదని తోచలా ఈయనకు.”

“ఆ పొద్దు ఇద్దరూ బడిలోకి వచ్చినారు, అది చాలనుకున్నా,” అన్నాడాయన నెమ్మదిగా.

మా జిల్లాలో వయసుల పట్టికలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. ఆ అంకెల వెనుక ఇటువంటి కిటికీలు ఉంటాయని విన్నవాడినే గాని, ఎదుట కూర్చుని ఒక్కటైనా చూసినవాడిని కాను.

చెప్పినదంతా రాసి సంతకం చేయమన్నాను. ఆయన కలం తీసుకుని ఆగిపోయాడు.

“ఇది రాసిస్తే నా పింఛనుకు ఏమన్నా అయితాదా సార్?”

ఏమీ కాదని చెప్పే అధికారం నాకు లేదు. “నాకు తెలియదు. కంపెనీ అడిగేది ఆ పిల్లల గురించే. ఇతరులకు ఇది చూపవలసిన అవసరం కనబడదు. కాని హామీ ఇవ్వలేను,” అన్నాను.

ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడింది. “రాసియ్యండి. ఆ పాపను బడిలో ఏసిందీ మీరే, ఇప్పుడు కూటికి అడ్డం పడేదీ మీరేనా?” అన్నది. ఆయన రాశాడు.

ఆ రాత్రి కాదు, మరునాడు ఉదయం తేరుకుని నివేదిక రాశాను. సర్టిఫికెట్లు రెండూ అసలైనవి. వాటిలోని తేదీలు ఆ పిల్లలు గాని, తల్లిదండ్రులు గాని రాసినవి కావు. రాసిన వారు ఒప్పుకుని సంతకం చేశారు. అమ్మాయి కంపెనీకి తెలిపినది తన సర్టిఫికెట్‌లో ఉన్న తేదీనే. ఇంతవరకు కలం సాగింది. చివరన ‘వాస్తవమైన పుట్టిన తేదీ’ అని ఒక గడి ఉంది. ఉద్యోగ జీవితం మొత్తంలో తేదీ గడిని ఖాళీగా వదిలినవారిని మందలించినవాడిని నేను. అక్కడ ‘తెలియదు’ అని రెండుసార్లు, అక్కకొకటి, తమ్ముడికొకటి, రాశాను. రాసిన తరువాత చూస్తే, నివేదిక మొత్తంలో నేను ప్రమాణం చేసి చెప్పగలిగిన మాటలు అవే అనిపించింది.

తరువాతి రోజులు భారంగా గడిచాయి. ఒక సంఘం కూర్చుని నిర్ణయిస్తుందన్నారు. నా నివేదిక చదివి ఒకరు, తేదీ తప్పని తేలింది కదా, ఇంకా ఆలోచన ఎందుకని అన్నారట. అది తప్పు వాదన అని చెప్పలేను. పదేళ్ల క్రితం ఆ సంఘంలో నేనుంటే అదే అనేవాడినేమో. పగలు ఫోను దగ్గర నుండి లేచేవాడిని కాను. అన్నం వేళకు పిలిస్తే, “బెంగుళూరు నుండి రావాలి,” అని ఇంట్లో వారికి సమాధానం చెప్పేవాడిని.

జూన్ నెలలో ఫోను వచ్చింది.

“సార్, అయిపోయింది.”

“ఏ విధంగా అయిపోయిందమ్మా?”

“మంచిగానే సార్. సర్టిఫికెట్ నిజమా, అమ్మాయి మనకు అబద్ధం చెప్పిందా, ఈ రెండే మనం చూడాల్సినవి అన్నారు. మొదటిది నిజం. రెండోది లేదు. ఇద్దరినీ సోమవారం రమ్మనండి. ఆ కంప్యూటర్ చెక్ కూడా మార్పిస్తున్నాం. ఇకమీద ఆపేయదు. ఎవరైనా మనిషిని ఒకసారి చూడమని చెప్తుంది.”

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఎన్ని రోజులుగా వాలలేదో నడుముకు తెలిసింది.

ఆ పల్లెకు అప్పటికి సెల్‌ఫోను సిగ్నల్ అందేది కాదు. ఉత్తరం వేస్తే సోమవారం దాటిపోతుంది. ముదిగుబ్బ బస్సెక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. దారి పొడుగునా దుక్కి చేసి వదిలిన ఎర్రనేలలు వానకోసం చూస్తున్నాయి. నాకు మాత్రం ఆ రోజు అవి కూడా బాగానే కనబడ్డాయి.

ఇంటి ముందు పందిరి కింద నలుగురూ విత్తనపు శెనక్కాయలు ఒలుస్తున్నారు. అమ్మాయి కాయను బండకు తాటించి, బొటనవేలితో నొక్కి, గింజ చిట్లకుండా చేటలో వేస్తోంది. నన్ను చూసి చేయి ఆగిపోయింది. ఈసారి లేవలేదు.

“ఇద్దరినీ సోమవారం రమ్మన్నారు,” అన్నాను. ముందుమాట ఏదీ పెట్టలేదు.

“పనికేనా సార్?” అన్నాడు తమ్ముడు.

“పనికే. నిన్నూ, మీ అక్కనూ.”

అమ్మాయి చేటలోకి చూస్తూ ఉండిపోయింది. తరువాత మోచేత్తో కళ్లు తుడుచుకుంది, చేతులకు మట్టి ఉంది కాబట్టి. తల్లి ఆమె వీపు మీద చేయి వేసి అలాగే ఉంచింది. తమ్ముడు, “సోమవారమంటే ఆదివారమే పోవల్ల. బట్టలు ఉతకల్ల,” అని లేచి లోపలికి పోయాడు.

తండ్రి మాత్రం ఇంకా ఒలవవలసిన మూటను చూశాడు. నిండుగా ఉంది.

“ఇద్దరూ పోతే ఇదెవరు ఒలుస్తారప్పా?” అన్నాడు.

అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ ఇంటి గడప తొక్కిన తరువాత ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. తిరుగు బస్సుకు ఇంకా సమయం ఉంది. నేను చెప్పులు విడిచి, ఆ అబ్బాయి లేచిపోయిన చోట కూర్చుని, మూటలోంచి దోసెడు కాయలు ముందు పోసుకున్నాను.

“చిట్లనీకండి సార్, చిట్లితే మొలవదు,” అన్నాడు తండ్రి.