నాలుగో వరుస

నాకు అక్షరాలు నలభై ఆరో ఏట వచ్చాయి. అవి వచ్చాక కూడా రజియా ఆపా గురించి ఇన్నాళ్లూ రాయలేకపోయాను. దవాఖానలో ఆమెకు చదివి వినిపించిన కాగితం దగ్గరికి రాగానే చేయి ఆగిపోయేది. ఈరోజు జాకెట్ గుడ్డ దులుపుతుంటే దర్జీ సుద్ద పొడి ముక్కుకు తగిలింది. ఆ వాసనే నన్ను కూర్చోబెట్టింది.

శంషాబాద్‌లో మా పక్క గది ఆపాది. ఉర్దూలో అక్కను పిలిచినట్టే నేనూ ఆమెను ఆపా అనేదాన్ని. ఆమె బట్టలు కుట్టేది. నేను ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో దుప్పట్లు ఉతికేదాన్ని. సాయంత్రాలు ఆమె నల్ల గుడ్డ మీద సుద్దతో అక్షరాలు రాసి నాతో దిద్దించేది. తప్పయితే గుడ్డ దులిపేసేది. పైన విమానం పోతే మోత తగ్గేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివించేది. సగం మాట చూసి మిగతాది ఊహిస్తే ఒప్పుకునేది కాదు.

"అందాజగ చదవకు లచ్చమ్మా. కొలవకుండ గుడ్డ కోస్తరా?"

ఆపాకు కడుపులో క్యాన్సర్ అని తేలినప్పుడు, ఆమెకు మాత్రం పుండని చెప్పమన్నాడు వాళ్ల తమ్ముడు. మా దగ్గర అందరూ చేసేది అదే. ఆపా మొదటిరోజే కనిపెట్టింది. పుండుకు గింతమంది ఏడుస్తరా అని నవ్వింది.

డాక్టరు చెప్పిన కొత్త మందు ఎక్కించుకుంటుందో లేదో ఆపా మర్నాడు ఆయనకు చెప్పాలి. గడ్డ ముక్క పరీక్షలో ఏం తేలిందో నర్సు తెలుగులో నాలుగు వరుసలు రాసిచ్చింది. నీరసానికి ఆపా కళ్లు మసకబారాయి, నన్ను చదవమంది. గడ్డ మీద ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉంది. రోగంతో పోరాడే కణాలకు గడ్డ చిక్కకుండా అదే దాస్తుంది. అది ఎక్కువున్నవాళ్లకు, దాన్నే అడ్డుకునే ఈ మందు పనిచేసే అవకాశం ఎక్కువ. నాలుగో వరుసలో, అయినా ఈమెకు పనిచేస్తుందని ముందే చెప్పలేమని ఉంది. తమ్ముడు వద్దన్నట్టు తల ఊపాడు. నేను కాగితం మడిచాను.

"అయితే అదెక్కువుండుడు మంచిదా, చెడ్డదా?" అని అడిగింది ఆపా.

నాకే అర్థం కాలేదు. దొంగను దాచిపెట్టినదే దొంగను పట్టిస్తుందా? మంచిదే ఆపా అన్నాను. ఆమె కాగితం అడిగి తీసుకుని, విప్పి కళ్ల ముందు పెట్టుకుంది.

"అక్షరాలు కనిపిస్తలేవు గని వరుసలు కనిపిస్తున్నయ్. నాలుగున్నయ్. మూడే చదివినవ్."

గొంతులో కోపం లేదు. అదే భరించలేక, బస్సు వేళయిందని వచ్చేశాను.

ఆపా చివరికి ఆ మందు తీసుకుంది. కొన్ని నెలలు రొట్టె తినగలిగింది, మళ్లీ మిషన్ తొక్కింది. తర్వాత మందు పనిచేయడం మానేసింది, ఆపా పోయింది. ఆ ప్రోటీన్ మాకు చుట్టమో శత్రువో డాక్టరును అడిగితే, రెండూ అన్నాడు. ఆ జవాబుతో ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలియదు. ఏ కాగితం చేతికొచ్చినా చివరి వరుస దాకా వేలు తీయకుండా చదవడం మాత్రం మిగిలింది.

ఆ మొదటిసారి, మూడు వరుసలే చదివి వచ్చిన మర్నాడు పొద్దున, పనికి పోకుండా దవాఖానకు వెళ్లాను. తమ్ముడు అక్కడే ఉన్నాడు. ఆపా పక్కన కూర్చుని కాగితం విప్పి, మొదటి వరుస కింద వేలు పెట్టి, నాలుగో వరుస అయ్యేదాకా చదివాను.