నీలం చొక్కా జేబు

మా ఎదురు వాటాలో ఉండే ఆవిణ్ణి వీధి వీధంతా ముక్కలక్క అంటుంది. కుట్టుపని ఆవిడ వృత్తి. బిగుతైనవి వదులు చేస్తుంది, వదులైనవి బిగిస్తుంది, మిగిలిన ప్రతి గుడ్డముక్కకీ ఒక దారి చూపిస్తుంది. అందుకే ఆ పేరు. మొహం మీదే పిలిచినా ఏమీ అనుకోదు.

వాళ్లింట్లో ఏ వస్తువూ మొదట కొన్నప్పటి రూపంలో ఉండదు. దుప్పటి చిరిగితే దిండు గలీబవుతుంది, గలీబు నలిగితే పొయ్యి తుడిచే గుడ్డవుతుంది, ఆ గుడ్డ కూడా పీలికలైతే దిండులోపలికి దూదికి తోడు పోతుంది. కూరలు కడిగిన నీళ్లు మొక్కలకి, బట్టలు జాడించిన నీళ్లు నేల తుడవడానికి. స్నానాలగదిలో బకెట్లు వరసగా కూర్చుని ఉంటాయి. ఏ నీళ్లు ఎందులో పొయ్యాలో తెలియక వచ్చిన చుట్టాలు చేతులు కడుక్కోవడానికే జంకుతారు.

ఓసారి ఎవరో పర్యావరణాన్ని కాపాడండని ఇంటింటికీ మెరిసే కాగితాలు పంచి వెళ్లారు. "కాయితం గట్టిగా ఉంది, కాలరు నమూనాకి బాగుంటుంది" అని ఆవిడ మా ఇంట్లోది కూడా పట్టుకుపోయింది. అందులో ఏం రాసుందో ఇప్పటికీ చదవలేదు.

"వాడకుండా దాచడం కూడా పారెయ్యడమేనమ్మా. కాకపోతే ఇంట్లోనే పారేస్తాం" అంటుంది. నా బీరువా నిండా కట్టని బట్టలే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. రోడ్డు దుమ్ముకి ఆయన గొంతు పట్టేసేది. అందుకని పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతుంటే నీలం యూనిఫారం చొక్కా జేబులో ఆవిడే దగ్గుబిళ్లలు వేసేది. సాయంత్రం ఆయన ఖాళీ బిళ్ల కాయితాలు అదే జేబులో తిరిగి తేవాలి. ఆవిడ వాటిని మడతపెట్టి, మిగిలిన దారం కొసలు వాటికి చుట్టి దాచుకునేది. దారిలో పారేసొస్తే ఆ పూట చీవాట్లే. "బస్సు నడపడం ఎంతసేపండీ, ఈవిడకి కాయితాలు అప్పజెప్పడమే నా అసలు ఉద్యోగం" అనేవాడు మాతో. పోయినేడు ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు.

కొన్నాళ్లకి ఆయన చొక్కాలన్నీ కత్తెర కిందికి వెళ్లాయి. నాక్కూడా ఒక సంచీ వచ్చింది. మనిషిని ఎరిగినదాన్ని కాబట్టి చేతిలోకి తీసుకున్నప్పుడు మనసు చివుక్కుమంది. అయినా కూరలు తెచ్చుకోవడానికి బాగానే ఉంది.

వాళ్లమ్మాయి అప్పుడు ఇక్కడ లేదు. తనూ బస్సే నడుపుతానని పట్టుబట్టి, డ్రైవింగు శిక్షణకి వేరే ఊరు వెళ్లింది. పాసై, నాన్న పనిచేసిన డిపోలోనే ఉద్యోగం తెచ్చుకుని వచ్చింది. పెట్టెతో మెట్లెక్కుతూ, సంచీతో దిగుతున్న నాకు ఎదురైంది. నవ్వబోయి ఆగిపోయింది.

"పిన్నీ, ఈ సంచీ ఎక్కడిది?"

"మీ అమ్మే కుట్టిచ్చిందమ్మా."

"ఇది నాన్న చొక్కా కదూ?"

నా జవాబు కోసం ఆగలేదు. పెట్టె మెట్ల మీదే వదిలేసి లోపలికి వెళ్లింది. ఆ పెట్టె మోసుకుంటూ నేనూ వెనకాలే వెళ్లాను. మరి ఆ సంచీ నా చేతిలోనే ఉందాయె.

"మొదటి రోజు డ్యూటీకి నాన్న చొక్కాయే వేసుకోవాలనుకున్నానమ్మా. నువ్వే నాకు సరిపోయేట్టు చేసి పెడతావనుకున్నాను. మనిషి పోయి ఏడాది తిరక్కుండానే మసిగుడ్డ చేసేశావా?"

ముక్కలక్క మిషను ఆపి, ఉన్నదున్నట్టు చెప్పింది. "మసిగుడ్డ చేసింది ఒక చెయ్యే. మిగతావి సంచీలు."

ఇంకొకరైతే క్షమించమనేవాళ్లు, లేదంటే ఏడ్చేవాళ్లు. ఈవిడ లెక్క తప్పకుండా చూసుకుంది.

తర్వాత ఆవిడతో అన్నాను, "ఒక్క చొక్కా అయినా ఉంచాల్సింది అక్కయ్యా" అని.

"కావాలని అది చెప్పలేదుగా."

"నువ్వు అడగలేదుగా!"

దేన్నీ దాచని ఇంట్లో పుట్టిన పిల్లకి, ఇది దాచమని ముందే చెప్పాలని తోచలేదు. తల్లికి, అడగాలని తోచలేదు. ఇద్దరిదీ ఒకే అచ్చు.

ఆనాటి నుంచి అమ్మాయి తల్లితో మాట్లాడటం మానేసింది. ఒకే గదిలో కూర్చుని, "పిన్నీ, నాకు ఆకలిగా లేదని చెప్పు" అనేది. వినపడినా ఆవిడ నా వైపే చూసేది, నేను చెప్పేదాకా. ఈ టపా మోయలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. ముక్కలక్క పైకి ఏమీ కనబడనివ్వలేదు గానీ, కూతురు పక్క నుంచి వెళ్లినప్పుడల్లా మిషను మీద చెయ్యి ఆగిపోయేది.

డ్యూటీలో చేరే ముందురోజు అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి నాన్న యూనిఫారం చొక్కా ముక్కలు పోగుచేసింది. కింద గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర వీపు భాగం దొరికింది. వంటింట్లో మసిబారిన చొక్కా చెయ్యి దొరికింది. నా సంచీ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అన్నిటి కుట్లూ విప్పి, తల్లి గుడ్డలు కత్తిరించే బల్ల మీద చొక్కా ఆకారంలో పరిచింది. వీపు తెల్లగా వెలిసిపోయింది, కాలరు ఒకవైపే ఉంది. ఇంక ఇది ఎవరూ తొడుక్కునేది కాదని అందరికీ తెలుస్తూనే ఉంది.

ఎడమ పక్క ముందుభాగం నా సంచీలోది. దాని మీద జేబు ఉండాల్సిన చోట నలుచదరంగా ముదురు నీలం మిగిలి ఉంది. ఇన్నాళ్లూ మోశాను గానీ అదేమిటని ఆలోచించలేదు. అమ్మాయి దాన్ని వేలితో తడిమింది. మిగతా ముక్కలన్నీ కత్తెరతో పరపరా కోసినవే. ఆ జేబు మాత్రం గుడ్డ గీరుకోకుండా, ఒక్కొక్క కుట్టూ విప్పి తీసినది.

"పిన్నీ, జేబేదని అడుగు."

నేను అడగలేదు. విసుగొచ్చింది. ముక్కలక్క పనిలో కట్టుకునే ఏప్రాను లోపలికి పోనిచ్చిన చెయ్యి అలాగే ఉంచేసింది. సుద్దముక్క కోసం రోజుకి ఎన్నిసార్లు అలా పెడుతుందో! నేనూ చూశాను, ఆ పిల్లా చూసింది, ఆవిడ చెయ్యి ఎక్కడికి పోతోందో మాత్రం ఇద్దరం పట్టించుకోలేదు.

అమ్మాయి దగ్గరికెళ్లి ఏప్రాను అంచు పైకెత్తింది. లోపలి వైపు, సరిగ్గా చేతికందే చోట, నీలం జేబు. కాసేపు చూసి, అంచు మెల్లిగా వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. సుద్దముక్క తీసుకుని గీత గీసింది.

ఆ రాత్రి పొద్దుపోయేదాకా వాళ్లింట్లోంచి మిషను చప్పుడు వినపడుతూనే ఉంది. మర్నాడు పొద్దున్న అమ్మాయి డిపో వాళ్లిచ్చిన కొత్త యూనిఫారం వేసుకుని వెళ్లింది. నేను పరదా అంచు కుట్టించుకునే నెపంతో ఆ పూట అక్కడే చేరాను. ముక్కలక్క బల్ల మీద గుడ్డ పరిచి, కొలిచి, ఏప్రాను లోపలికి చెయ్యి పోనిచ్చింది. చెయ్యి కిందికి జారిపోయింది. కాసేపాగి మళ్లీ అలాగే పోనిచ్చింది, మళ్లీ జారింది. అప్పుడు సుద్దముక్క బల్ల చివర ఉందని గుర్తొచ్చి తీసుకుంది. జేబు ఎక్కడికెళ్లిందని నేను అడగలేదు.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. మొహం నిండా దుమ్ము, గొంతు బొంగురు. నన్ను చూసింది. ఇంక నాకేదో చెప్పి పంపుతుందనుకున్నాను. నన్ను దాటుకుని మిషను దగ్గరికెళ్లి నిలబడింది.

"అమ్మా, బిళ్లలు అయిపోయాయి."

ముక్కలక్క తలెత్తలేదు. మిషను మాత్రం ఆగింది.

"కాయితాలు పారేశావా?"

అమ్మాయి కొత్త చొక్కా పై బొత్తాలు రెండు విప్పి, లోపలి వైపు కుట్టిన ఆ పాత నీలం జేబులోంచి కాయితాలు తీసి, తల్లి చేతిలో పెట్టింది.