ఇరవై ఆరో ల్యాండ్

డిపోలో ఆమెను చార్టమ్మ అంటారు. కార్డుల షాపులో జమీందారిణి అంటారు. రెండూ వెక్కిరింపుగా పుట్టిన పేర్లే. రెండింటికీ ఆమె హాయిగా పలుకుతుంది.

వయసు నలభై ఎనిమిది. పందొమ్మిదేళ్లుగా బస్సు డిపోలో ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో చార్టు రాసి గోడకు తగిలించడం ఆమె పని. ప్రతి ఉదయం షిఫ్టులో నలుగురు డ్రైవర్లకు ఏ బండీ ఇవ్వకుండా స్పేర్‌లో కూర్చోబెడుతుంది. కొత్తగా వచ్చిన ప్రతి మేనేజరూ మొదటి వారంలోనే ఆ నలుగురినీ చూసి కళ్లెర్ర చేస్తాడు.

"వీళ్లిలా ఊరికే టీ తాగుతూ కూర్చుంటే ఎలాగమ్మా?"

"కూర్చోనివ్వండి సార్. తొమ్మిదింటికి అడగండి."

తొమ్మిదయ్యేసరికి ఒక డ్రైవరుకు జ్వరం, ఇంకొకడి భార్యకు నొప్పులు, మరొకడు అలారం మోగినా లేవలేదు. నలుగురిలో ముగ్గురు బండ్ల మీద ఉంటారు. మేనేజరు మళ్లీ ఆ మాటెత్తడు.

ఇక కార్డుల పిచ్చి అంటించింది ఆమె తమ్ముడు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని అతనిది. ఆరేళ్ల కిందట ఆమె మెట్ల మీంచి జారి, విరిగిన కాలికి కట్టుతో మంచం మీదుంటే, కాలక్షేపానికని ఒక కార్డుల పెట్టె తెచ్చి ఒళ్లో పడేశాడు. అరవై కార్డుల కట్ట. అందులో సైనికులు, రాక్షసులు, మంత్రాలు ఉంటాయి. వాటిని బల్ల మీదకు దింపాలంటే బలం కావాలి. ఆ బలమిచ్చేవి ల్యాండ్ కార్డులు. వంతుకు ఒక్క ల్యాండే వేయాలి. కట్టలో తక్కువ పెట్టుకుంటే చేతినిండా వీరులుండి ఒక్కడూ కదలడు. ఎక్కువైతే దింపడానికి వీరుడే దొరకడు. అరవైలో ఎన్ని పెట్టాలా అని ఆడేవాళ్లంతా జుట్టు పీక్కుంటారు.

ఆమె పీక్కోలేదు. ఇరవై ఐదు అంది, అంతే. తమ్ముడిది చురుకు ఆట, అన్నీ చిన్న కార్డులు, ఇరవై ల్యాండ్లతో సరిపెట్టేస్తాడు. షాపులో కుర్రకారంతా అతని దారే. ఆమె తలుపు తీసుకుని రాగానే జమీందారిణి వేంచేసిందని నవ్వేవాళ్లు.

నిరుడు మాత్రం పప్పులో కాలేసింది. ఏటా షాపు తరఫున ముగ్గురు బస్సెక్కి పెద్ద పోటీకి వెళ్తారు. మూడో సీటు కోసం ఆఖరి ఆట అక్కాతమ్ముళ్లకే పడింది. ముందురోజు తమ్ముడు ఆమె కట్ట తిరగేసి, "రెండు ల్యాండ్లు తీసేసి రెండు మంచి కార్డులు పెట్టక్కా, నీ బాగు కోరే చెప్తున్నా" అన్నాడు. నిజంగా బాగు కోరే చెప్పాడు. ఆమె తీసేసింది. చేతిలో రాక్షసులను పట్టుకుని, రాని ల్యాండ్ కోసం ఎదురుచూస్తూ ఓడిపోయింది. అన్నేళ్లుగా ఊరందరినీ బస్సెక్కించే మనిషికి, తన ఆట కోసం తాను ఒక్కసారి బస్సెక్కాలన్న కోరిక అలాగే ఉండిపోయింది. ఓటమి సరే, తన లెక్కను తానే నమ్మలేదన్న ఉక్రోషం నెల్లాళ్లు వదల్లేదు.

ఈ ఏడూ మూడో సీటుకు మళ్లీ వాళ్లిద్దరే. ఆమె కట్టలో మళ్లీ ఇరవై ఐదు ల్యాండ్లే. మూడు ఆటల్లో రెండు నెగ్గినవాళ్లు వెళ్తారు.

మొదటి ఆటలో ల్యాండ్ల మీద ల్యాండ్లు వచ్చి పడ్డాయి. తొమ్మిది పరుచుకుని, వాటి మీద దింపడానికి ఒక్క రాక్షసుడూ రాక చిత్తుగా ఓడింది. వెనకనుంచి ఎవరో, "పొలాలు బాగున్నాయండీ, కూలీలే దొరకలేదు!" అన్నారు. షాపంతా గొల్లుమంది.

ఆటకూ ఆటకూ మధ్య, పక్కన పెట్టుకున్న పదిహేను కార్డుల్లోంచి కొన్ని మార్చుకోవచ్చు. ఆమె ల్యాండ్లు తగ్గిస్తుందనే అందరూ అనుకున్నారు. డిపోలో స్పేర్ నలుగురూ మధ్యాహ్నం దాకా టీ తాగుతూనే గడిపిన రోజులు ఆమె చాలా చూసింది. అలాంటి రోజు మర్నాడు కూడా నలుగురినే కూర్చోబెట్టింది. పైగా తమ్ముడి దూకుడును ఆపాలంటే వంతు వంతుకూ ల్యాండ్ పడి తీరాలి. ఒక సైనికుణ్ణి తీసి పక్కన పెట్టి, అందరికీ కనబడేలా ఇంకో ల్యాండ్ లోపల పెట్టింది.

"పిచ్చా అక్కా? ల్యాండ్ పెడుతున్నావా?"

"ఇరవై ఆరు. కావాలంటే రాసుకో."

రెండో ఆట ఆమె నెగ్గింది. మూడో ఆటకు ముందు తమ్ముడు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో కార్డు మార్చాడు.

ఈసారి ఆమె ఒక్క వంతూ తప్పకుండా ల్యాండ్ వేసుకుంటూ పోయింది. తమ్ముడు రెండు ల్యాండ్ల దగ్గర ఆగిపోయాడు. కార్డు తీస్తాడు, చూస్తాడు, చేతిలో చేర్చుకుంటాడు. ఆరో వంతున ఆమె తన పెద్ద రాక్షసుణ్ణి దింపింది. నాలుగు దెబ్బల్లో ఆట అయిపోయింది. తమ్ముడు చేతిలో కార్డులన్నీ బల్ల మీద పరిచాడు. అన్నీ బంగారంలాంటి కార్డులు.

"ఎన్ని పెట్టావురా?"

"పందొమ్మిది. నీ రాక్షసుణ్ణి ఆపే కార్డు పెడదామని ఒక ల్యాండ్ తీసేశానక్కా."

నిరుడు తను కూర్చున్నట్టే కూర్చున్నాడు వాడు. ఆమెకు జాలేసింది. సంతోషం మాత్రం అంతకు పదింతలు వేసింది, దాచుకోలేదు.

సోమవారం సెలవు చీటీ పట్టుకుని కొత్త మేనేజరు ముందు నిలబడింది. ఆయన చీటీ చదివి తలెత్తాడు.

"మీరు వెళ్తే చార్టు ఎవరు వేస్తారమ్మా?"

ఆమె కిటికీ అద్దంలోంచి పాసుల కౌంటరు వైపు చెయ్యి చూపించింది. అక్కడి అమ్మాయి అప్పటికే మర్నాటి చార్టు గీస్తోంది, నలుగురి పేర్లు స్పేర్ గడిలో రాస్తోంది.

"నాకూ ఒక స్పేర్ పెట్టుకున్నాను సార్. నిరుడు ఓడిపోయి వచ్చిన మర్నాటి నుంచే నేర్పిస్తున్నాను."